12 మందితో రెండు రోజుల అల్టిమేట్ టోర్నీ: ఆదివారం దాకా కాళ్ళు మిగలాలంటే ఏం చేయాలి?

కొత్తకెప్టెన్:

నమస్తే. మా కాలేజీ అమ్మాయిల అల్టిమేట్ ఫ్రిస్బీ టీమ్‌కి ఈ ఏడాది నేను కెప్టెన్‌ని (తెలియనివాళ్ళకి: టీమ్‌కి ఏడుగురు, డిస్క్‌ని పాస్ చేసుకుంటూ వెళ్ళి అవతలి చివరున్న ఎండ్ జోన్‌లో అందుకుంటే పాయింట్). నేనేం అడిగి తీసుకోలేదు. సీనియర్లలో సగం మంది చదువు అయిపోయి వెళ్ళిపోయారు, మిగిలినవాళ్ళలో ఫోర్‌హ్యాండ్ తిన్నగా వేసేది నువ్వే కదా అని నా మెడకి తగిలించారు.

మూడు వారాల్లో టోర్నీ ఉంది. శనివారం పూల్‌లో (గ్రూపులో) నాలుగు మ్యాచ్‌లు, ఆదివారం బ్రాకెట్‌లో (స్థానాలు తేల్చే దశలో) రెండు, గెలుస్తూ పోతే మూడు. ఒక్కో మ్యాచ్ 13 పాయింట్లకి, టైమ్ క్యాప్ (సమయ పరిమితి) కూడా ఉంది. మేమున్నది 12 మందిమి. హ్యాండ్లర్లు (వెనక ఉండి డిస్క్ పంచేవాళ్ళు) ముగ్గురు, పాత కట్టర్లు (ముందుకి పరుగెత్తి అందుకునేవాళ్ళు) ఐదుగురు, తక్కిన నలుగురూ డిస్క్ మొదటిసారి పట్టుకుని మూడు నెలలైంది.

పోయినేడు జరిగింది చెప్తాను. శనివారం మొదటి రెండు మ్యాచ్‌లూ మా మంచి ఏడుగురూ దాదాపు ప్రతి పాయింటూ ఆడేశారు. రెండూ గెలిచాం, గంతులేశాం. మూడో మ్యాచ్ సగానికి ఎవరికీ కాళ్ళు లేవు. ఆదివారం పొద్దున్నే 13-2తో ఓడి బ్యాగులు సర్దుకున్నాం. అంతకన్నా నాకు బాధేసింది ఇంకోటి. కొత్తగా చేరిన ఇద్దరు అమ్మాయిలు రెండు రోజులూ జెర్సీ వేసుకుని సైడ్‌లైన్‌లో నీళ్ళ సీసాలు పట్టుకుని నిలబడ్డారు, తర్వాతి వారం నుంచి ప్రాక్టీస్‌కి రావడం మానేశారు. వాళ్ళని నేనేమనగలను?

కాబట్టి అడుగుతున్నాను. 12 మందిని ఎలా తిప్పాలి? రెండోది గాలి. అది చుట్టూ ఏమీ లేని బయలు మైదానం, ఎప్పుడూ ఈదురుగాలే. మూడోది, మావాళ్ళకి కాల్ చేయడమంటే, అంటే ఫౌల్ అయిందని చెప్పడమంటే, మొహమాటం, అవతలివాళ్ళు గట్టిగా అరిస్తే తప్పు మనదేనేమో అని డిస్క్ ఇచ్చేస్తారు. రెఫరీ లేని ఆటలో ఇదొక పెద్ద చిక్కు.

పాత_హ్యాండ్లర్:

చెల్లీ, ముందు కాగితం మీద లెక్క వేసుకో. మ్యాచ్ 13-8తో అయిందనుకో, మొత్తం 21 పాయింట్లు. పాయింట్‌కి ఏడుగురు అంటే 147 చోట్లు. మీ మంచి ఐదుగురూ అన్నీ ఆడితే 105 అక్కడే అయిపోయాయి, మిగిలిన 42 ఏడుగురికి పంచితే తలా ఆరు. ఆ ఐదుగురు నాలుగు మ్యాచ్‌లు ఇలాగే ఆడితే శనివారం ఒక్కరోజే 84 పాయింట్లు పరుగెత్తినట్టు. పోయినేడు ఆదివారం మీకు కాళ్ళు ఎందుకు లేవో ఇప్పుడు తెలిసిందా?

నేనైతే ఇలా చేస్తాను. ముగ్గురు హ్యాండ్లర్లు చాలరు, ఈ మూడు వారాల్లో నాలుగో మనిషిని తయారు చెయ్. పాత కట్టర్లలో ఎవరు నిదానంగా ఉంటారో చూడు, ఎవరు బాగా పరుగెత్తుతారో అని కాదు. ఆమెకి పొడుగు త్రోలు రానక్కర్లేదు. డంప్ (వెనక్కి ఇచ్చే చిన్న పాస్) అందుకుని అవతలి పక్కకి స్వింగ్ చేయగలిగితే చాలు. అప్పుడు హ్యాండ్లర్లు ఇద్దరిద్దరుగా పాయింట్ విడిచి పాయింట్ ఆడతారు, తలా పది పదకొండు పడతాయి. మిగతా ఐదు చోట్లలో ముగ్గురు పాత కట్టర్లు, ఇద్దరు కొత్తవాళ్ళు. పాత కట్టర్లు ఒక్కొక్కరు 16 దాకా ఆడతారు, కొత్తవాళ్ళకి పది తగ్గవు. నలుగురు కొత్తవాళ్ళని మాత్రం ఒకేసారి దింపకు, వాళ్ళకీ నరకమే, మీకూ నరకమే.

ఇంకో సంగతి, కెప్టెన్లు దీన్ని పట్టించుకోరు. ఈ ఆటలో గాయమైతే తప్ప పాయింట్ మధ్యలో మనిషిని మార్చలేం. అందుకే అలసట పాయింట్ల లెక్కలో కాదు, పాయింట్ పొడుగులో ఉంటుంది. మీరు పారేసి, వాళ్ళు పారేసి, మళ్ళీ మీరు పారేసి, ఇలా ఆరు టర్నోవర్లు పడ్డ పాయింట్ ఒకటి మూడు మామూలు పాయింట్లంత పీల్చేస్తుంది. కాళ్ళు మిగలాలంటే డిస్క్ మిగలాలి. స్టాల్ (డిస్క్ పట్టుకున్న మనిషి మీద అవతలివాళ్ళు పది దాకా పెట్టే లెక్క) ఆరుకి వచ్చిందంటే ముందుకి చూడటం ఆపి డంప్ వైపు తిరగడం, కొత్తవాళ్ళకి ఈ ఒక్క అలవాటు చేయించు. మిగతావి తర్వాత నేర్చుకుంటారు.

లైన్ పిలిచే పని, అంటే ఏ ఏడుగురు దిగాలో చెప్పే పని, నువ్వు పెట్టుకోకు. ఆడుతూ ఎవరెన్ని ఆడారో గుర్తుపెట్టుకోవడం అయ్యే పని కాదు, నేను రెండేళ్ళు ప్రయత్నించి చెప్తున్నాను. ఓడుతున్నామనిపించగానే నోట్లోంచి అవే ఏడు పేర్లు వస్తాయి. చీలమండ బెణికి ఆడలేని సీనియర్ ఎవరైనా ఉంటే ఆమె చేతికి కాగితం, పెన్ను ఇవ్వు. ఆమె పిలిచిన లైన్ మీద నువ్వు కూడా నోరెత్తకూడదు.

గాలివాటం:

గాలి గురించి నేను చెప్తా, నా ఆటంతా అలాంటి మైదానాల్లోనే గడిచింది.

అందరికీ తెలుసనుకుంటాం గానీ చాలామందికి పట్టని విషయం ఒకటుంది. పాయింట్ కొట్టిన టీమ్ కొట్టిన చోటే నిలబడి అక్కణ్ణుంచే పుల్ (తర్వాతి పాయింట్ మొదలుపెట్టే త్రో) వేస్తుంది కదా. గాలి వెంబడి వెళ్ళి పాయింట్ కొట్టారంటే తర్వాత అవతలివాళ్ళు మీవైపు వస్తారు, అంటే వాళ్ళకీ గాలి వెంబడే. వాళ్ళూ కొడతారు. ఇలా చెరొకటి అవుతూ పోతుంది, ఎవరూ ముందుకి పోరు. అదే గాలికి ఎదురెళ్ళి ఒక్కటి కొట్టారనుకోండి, తర్వాతి పాయింట్‌లో అవతలివాళ్ళే గాలికి ఎదురీదాలి, వాళ్ళు పారేస్తే మీరు గాలి వెంబడి దూసుకుపోవచ్చు. అందుకే పెద్ద గాలిలో అప్‌విండ్ పాయింట్ ఒకటి రెండుతో సమానం అంటాం. మ్యాచ్ మొత్తంలో అలాంటివి రెండు వస్తే గెలిచినట్టే.

కాబట్టి డిస్క్‌లు ఎగరేసి ఎంచుకునేటప్పుడు ఊరికే మేం అఫెన్స్ (ముందు డిస్క్ మాకే) అనేయకండి. ఏ వైపు కావాలో చూసుకోండి. హాఫ్ తర్వాత అన్నీ తిరగబడతాయని కూడా లెక్కలో పెట్టుకోండి.

త్రో సంగతి. ఎదురుగాలిలో డిస్క్ పైకి లేచి తేలిపోతుంది, గాలివాటుగా వేస్తే నేలకి దిగిపోతుంది. డిస్క్ బరువు 175 గ్రాములే, అడుగు భాగం కాస్త గాలికి చూపించారంటే తెరచాపలా లాక్కుపోతుంది. బలంగా వేస్తే గాలిని కోస్తుందనుకుంటారు, బలం కాదు, స్పిన్. మణికట్టు గట్టిగా విదిలించి, కిందనుంచి, మోకాలి ఎత్తులో వదలండి. ఈ మూడు వారాలూ గాలి లేని చోటు వెతుక్కుని ప్రాక్టీస్ చేయకండి, గాలి ఉన్న రోజే బయటికి రండి, ఇద్దరిద్దరు ఎదురుబొదురు నిలబడి వంద త్రోలు.

డిఫెన్స్‌లో జోన్ వేయండి, అంటే ఒక్కో మనిషిని కాకుండా ఒక్కో చోటుని కాయండి. డిస్క్ పట్టుకున్న మనిషి చుట్టూ ఉండే ముగ్గురి కప్‌లో ఇద్దరు కొత్తవాళ్ళని పెట్టొచ్చు, వాళ్ళకి అంతకన్నా మంచి చోటు లేదు. పరుగెత్తాలి, చేతులు చాచాలి, పక్కనున్న మనిషితో మాట్లాడుతూ ఉండాలి. అంతే పని. అవతలి హ్యాండ్లర్లు పక్కకి పక్కకి తిప్పి తిప్పి విసుగెత్తి ఎప్పుడో ఒకటి గాల్లోకి విసురుతారు. ఆ విసుగు కోసమే జోన్.

ఇక హ్యామర్, తల మీదుగా డిస్క్ తిరగేసి వేసే త్రో. గాలిలో హ్యామర్ వేయొద్దు. మీ ఎండ్ జోన్ దగ్గర ఇరుక్కుని స్టాల్ మించిపోతుంటే పొడుగ్గా అవతలి చివరికి బాదేసి వెళ్ళి డిఫెన్స్ ఆడండి, సిగ్గేం లేదు. అంతేగానీ హ్యామర్ వద్దు. రెండుసార్లు రాశాను, కావాలనే రాశాను.

గెలుపేగా_కావాలి:

నాదో భిన్నాభిప్రాయం. అందరికీ పది పాయింట్లు అంటే వినడానికి బాగుంటుంది. ఏడాది పొడవునా పొద్దున ఐదింటికి లేచి ప్రాక్టీస్‌కి వచ్చిన అమ్మాయి 8-8 దగ్గర బయట నిలబడి, మూడు నెలల అమ్మాయి లోపల డిస్క్ జారవిడుస్తుంటే చూడాలా? అది ఎవరికి న్యాయం? టోర్నీకి వెళ్ళేది గెలవడానికి. కొత్తవాళ్ళకి ప్రాక్టీస్ మ్యాచ్‌లు పెట్టండి.

పాత_హ్యాండ్లర్:

8-8 దగ్గర ఎవరిని దింపాలో నేను రాయలేదు. అక్కడ మీ బెస్ట్ ఏడుగురినే దింపండి, నేనూ అదే చేస్తాను. నేను చెప్పేది 3-3 దగ్గర, 6-2 దగ్గర. అక్కడ వాళ్ళని ఆడనివ్వకపోతే ఆదివారం 8-8కి మీ బెస్ట్ ఏడుగురు ఉండరు, ఏడు శవాలు ఉంటాయి. పోయినేడు వీళ్ళకి జరిగింది అదే, పైన రాసింది చదవండి. ప్రాక్టీస్ మ్యాచ్ అంటారా, స్కోరు లెక్కలోకి వచ్చే చోట గుండె ఎలా కొట్టుకుంటుందో ప్రాక్టీస్‌లో తెలియదు.

గెలుపేగా_కావాలి:

శవాలు అన్నమాట నిజమే, మాదీ అలాగే అయింది ఒకసారి. కానీ దీనికి ముందే అందరినీ కూర్చోబెట్టి చెప్పాలి, ఆఖరి పాయింట్లలో ఎవరు ఆడతారు, ఎవరు ఆడరు అని. శనివారం మైదానంలో తెలిస్తే గొడవలు వస్తాయి.

కొత్తకెప్టెన్:

ఇది మంచి మాట. రేపే మీటింగ్ పెడతాను. నాలుగో హ్యాండ్లర్ ఎవరో కూడా తెలిసిపోయింది, ఎప్పుడూ తొందరపడని అమ్మాయి ఒకరుంది, నెమ్మది అని మేమే తిట్టేవాళ్ళం ఆమెని. కాల్స్ గురించి ఎవరూ చెప్పలేదు?

మూడుమీటర్లు:

కాల్స్ గురించి నేను చెప్తాను, నాలుగైదు టీమ్‌లకి ఇదే క్లాసు పీకి ఉన్నాను.

1968లో అమెరికాలో మేపుల్‌వుడ్ అనే ఊళ్ళో హైస్కూల్ పిల్లలు ఈ ఆట మొదలుపెట్టారు. ఇప్పుడు 2001 నుంచి వరల్డ్ గేమ్స్‌లో కూడా ఉంది, అయినా ఫౌల్ చెప్పేది ఆడేవాళ్ళే. అంటే కాల్ చేయడం గొడవ పడటం కాదు, ఆటలో ఒక భాగం, త్రో ఎలాగో అలాగే. మీవాళ్ళకి త్రో నేర్పారు గానీ ఇది నేర్పలేదు, అందుకే మొహమాటం. ప్రాక్టీస్‌లో కావాలని ఫౌల్ చేయించి కాల్ చేయించండి, నోరు తిరగాలి.

అవతలివాళ్ళు అరిచారని తప్పు మనదేనేమో అనుకోకండి, నిజంగా ఫౌల్ చేశామని అనిపించకపోతే కాంటెస్ట్ (ఒప్పుకోను) అనొచ్చు. ఒప్పుకోకపోతే మామూలుగా డిస్క్ త్రో వేసిన మనిషి దగ్గరికి తిరిగి వెళ్తుంది, ఎవరూ నష్టపోరు. ముందు ఇద్దరూ ఏం చూశారో చెప్పుకోవాలి, గొంతు పెంచకుండా, సైడ్‌లైన్ నుంచి పదిమంది అరవకుండా. కాసేపట్లో తేలకపోతే డిస్క్ వెనక్కి, ఆట ముందుకి.

పిక్ గురించి చాలామందికి తప్పు అవగాహన ఉంది. మీరు గార్డ్ చేస్తున్న మనిషికి మూడు మీటర్ల లోపల ఉండి, మధ్యలో ఇంకెవరో అడ్డం వచ్చి మీరు వెంబడించలేకపోతేనే పిక్. ఎనిమిది మీటర్లు వెనకబడి పోయి దారిలో ఎవరో తగిలారని పిక్ అంటే అది పిక్ కాదు, అలసట.

పైన కప్ గురించి చెప్పారు, దానికి ఇది తప్పకుండా కలుపుకోండి. డిస్క్ పట్టుకున్న మనిషికి మూడు మీటర్ల లోపల మార్కర్ (ఎదురుగా నిలబడి స్టాల్ లెక్కపెట్టే మనిషి) ఒక్కరే ఉండాలి. కప్‌లో మిగతా ఇద్దరు ఉత్సాహంలో లోపలికి వచ్చేస్తే, అక్కడ వాళ్ళు గార్డ్ చేసే మనిషి లేకపోతే, అది డబుల్ టీమ్ అనే తప్పు. కొత్తవాళ్ళు ఇది వంద శాతం చేస్తారు.

మ్యాచ్ అయ్యాక మీ ప్రవర్తనకి అవతలి టీమ్ మార్కులు వేసే స్పిరిట్ స్కోర్ షీట్ చూసి బెదిరిపోకండి. ఐదు విభాగాలు, ఒక్కోదానికి 0 నుంచి 4. మామూలుగా బాగా ఆడితే 2 వేస్తారు, అంటే మొత్తం పది వస్తే మంచి మ్యాచ్ అని అర్థం. ఇరవైకి పదేనా అని మా టీమ్‌లో ఒకమ్మాయి ఏడ్చింది, పరీక్ష మార్కులనుకుని.

మోకాలు_జాగ్రత్త:

ఫిజియోథెరపీ చదువుతున్నాను, అందుకే ఈ ఒక్క ముక్క. పరుగులో ఒక్కసారిగా ఆగి పక్కకి తిరిగే ఆటల్లో మోకాలి లోపలి ఏసీఎల్ అనే లిగమెంట్ తెగడం మగవాళ్ళకన్నా ఆడవాళ్ళలో చాలా ఎక్కువ, కనీసం రెండు మూడు రెట్లు. అల్టిమేట్‌లో ప్రతి కట్టూ అదే కదలిక. ఫుట్‌బాల్ వాళ్ళు వాడే ఫిఫా 11 ప్లస్ వార్మప్ ఉంది, ఇరవై నిమిషాలు పడుతుంది, గాయాలు తగ్గుతాయని అధ్యయనాల్లో తేలింది. అది టోర్నీ పొద్దున కాదు, ఇవాళ్టి నుంచే మొదలుపెట్టండి. రెండు మ్యాచ్‌ల మధ్య ఖాళీలో పూర్తిగా పడుకోకండి, చల్లబడిన కాళ్ళతో మూడో మ్యాచ్ మొదటి పాయింట్‌లోనే పట్టేస్తాయి. కొత్త స్టడ్స్ బూట్లతో మాత్రం టోర్నీకి వెళ్ళకండి, బొబ్బలతో రెండో రోజు నడవలేరు.

గాలివాటం:

ముదురు రంగు షార్ట్స్ కూడా. 12 మంది అమ్మాయిలు, రెండు రోజులు, ఎవరో ఒకరికి డేట్ వస్తుంది. తెల్ల షార్ట్స్ యూనిఫాం పెట్టినవాళ్ళు ఎప్పుడూ ఆడపిల్లల టీమ్‌లో ఆడి ఉండరు.

కొత్తకెప్టెన్:

(నాలుగు వారాల తర్వాత)

టోర్నీ అయిపోయింది. ఏమైందో మీకు చెప్పాలి కాబట్టి రాస్తున్నాను, ఆలస్యమైంది, పరీక్షలు.

శనివారం మొదటిది 4-13తో ఓడాం. ఘోరంగా. అవతలివాళ్ళ స్థాయి వేరు. 0-5 దగ్గర నా నోటికి పాత ఏడు పేర్లు వచ్చేశాయి, కాగితం పట్టుకున్న సీనియర్ నావైపు చూసిన చూపుకి మళ్ళీ మింగేశాను. రెండోది క్యాప్ పడి 7-9, మూడోది 10-8 గెలిచాం, నాలుగోది 6-11. అంటే పోయినేడు శనివారం కన్నా తక్కువే గెలిచాం, సాయంత్రం కొందరు మొహాలు ముడుచుకున్నారు, ఒకరు నాతో మాట్లాడలేదు కూడా. ముందే మీటింగ్ పెట్టి చెప్పి ఉండకపోతే ఆ రాత్రి పెద్ద గొడవే అయ్యేది.

కానీ ఆదివారం పొద్దున లేచేసరికి పన్నెండుగురమూ నడుస్తున్నాం. ఒక్కరికి వేలు బెణికింది, అంతే. గాలి శనివారం కన్నా రెట్టింపు. జోన్ వేశాం, కప్‌లో ఇద్దరు కొత్తమ్మాయిలు, వాళ్ళు ఆపకుండా మాట్లాడుతూనే ఉన్నారు, మధ్యలో ఆటకి సంబంధం లేనివి కూడా మాట్లాడుకున్నారని తర్వాత తెలిసింది. అవతలి హ్యాండ్లర్లు పది పన్నెండు పాస్‌లు పక్కకి తిప్పి చివరికి గాల్లోకి విసిరేవాళ్ళు, మీరన్నట్టే. రెండు అప్‌విండ్ పాయింట్లు కొట్టాం, 9-6. రెండు పాయింట్లకీ ఆఖరి త్రో మా నెమ్మది హ్యాండ్లర్‌దే.

డబుల్ టీమ్ కాల్ మాత్రం మా మీద ఒక్క మ్యాచ్‌లో ఐదుసార్లు పడింది. ఐదూ నిజమే. ఆ టీమ్ మాకు స్పిరిట్‌లో ఏడు ఇచ్చింది, నియమాల దగ్గర సున్నా. ప్రాక్టీస్‌లో మూడు మీటర్ల తాడు ఒకటి కట్టుకుని తిరుగుతున్నాం ఇప్పుడు. మిగతావాళ్ళు పది, పదకొండు వేశారు.

ఆదివారం రెండో మ్యాచ్ 8-8. క్యాప్ పడింది, ఆఖరి పాయింట్. ముందే అనుకున్న ఏడుగురిని దింపాం, నేను లోపల. మేమే గాలికి ఎదురెళ్ళాలి. సగం మైదానం దాటించాం. అక్కడ డిస్క్ నా చేతికి వచ్చింది, హ్యామర్ వేశాను, గాలి దాన్ని సైడ్‌లైన్ దాకా మోసుకుపోయింది, వాళ్ళు రెండు పాస్‌లలో కొట్టేశారు. 8-9.

ఈ వారం ప్రాక్టీస్‌కి కొత్తవాళ్ళు నలుగురూ వచ్చారు. ఒకరు తన రూమ్మేట్‌ని కూడా లాక్కొచ్చారు.

గాలివాటం:

రెండుసార్లు రాశాను కదా.

కొత్తకెప్టెన్:

రాశారక్కా. స్టాల్ తొమ్మిది. డంప్ వైపు తిరిగాను, అక్కడ ఎవరూ లేరు.

పాత_హ్యాండ్లర్:

డంప్‌లో ఉండాల్సింది ఎవరు?

కొత్తకెప్టెన్:

మా నెమ్మది అమ్మాయి. తొందరపడి ముందుకి కట్ చేసింది. జీవితంలో మొదటిసారి.